ఒక్క సిట్టింగ్‌లో సిగరెట్

అమీర్‌పేటలో దేనికైనా ఒక కోర్సు ఉంటుంది. మైత్రీవనం చుట్టుపక్కల గోడలూ మెట్లూ ఖాళీగా ఉండవు; జావా నుంచి స్పోకెన్ ఇంగ్లీష్ దాకా అన్నీ నెలా రెండు నెలల్లో వచ్చేస్తాయని కరపత్రాలు హామీ ఇస్తుంటాయి. అలాంటి చోట ఇరవయ్యేళ్ల సిగరెట్‌ను ఒక్క సిట్టింగ్‌లో మాన్పిస్తామనే హిప్నోథెరపీ మాట ఎవరికీ వింతగా తోచదు.

వెళ్లేవాణ్ని ఎగతాళి చేయబోవడం లేదు. ఆ సందుల్లో టీ బండి దగ్గర కాసేపు నిలబడి చూడండి. వచ్చినవాడు "ఒక చాయ్, చిన్న గోల్డ్" అంటాడు, రెండూ ఒకే వస్తువన్నట్టు. దారానికి వేలాడుతున్న లైటర్ మీదికి చూడకుండానే చెయ్యి పోతుంది. పొగ పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. రోజుకు పది సిగరెట్లు, ఒక్కోదానికి పది దమ్ములు అనుకున్నా ఏడాదికి 36,500 సార్లు. ఇంత సాధన చేసిన అలవాటును, వాలుకుర్చీలో కళ్లు మూసుకుని "మీ కనురెప్పలు బరువెక్కుతున్నాయి" అనే గొంతు వింటూ గంటలో వదిలించుకోవచ్చా?

హిప్నాసిస్ బూటకమని నేననను. నొప్పి తగ్గించడంలో, ఐబీఎస్ అనే పేగుల సమస్యలో దానికి కొంత ఆధారం ఉంది. మేజిక్ వేదిక మీంచి కౌన్సెలింగ్‌కు వచ్చిన బి.వి. పట్టాభిరామ్ పుణ్యమా అని తెలుగువాళ్లకు అది బాగా తెలిసిన మాటే. బాబాల గుట్టు రట్టు చేసిన అబ్రహం కోవూర్ కూడా తన దగ్గరికొచ్చినవాళ్లకు హిప్నాసిస్ వాడినవాడే. పేరు వినగానే హేతువాది ముక్కు విరవక్కర్లేదు. ఏ జబ్బుకు పనిచేస్తుంది, ఎవరు లెక్క చూశారు అని అడిగితే చాలు.

ఆ లెక్క చూడటం కొత్తేమీ కాదు. 1784లో, హిప్నాసిస్‌కు ముందురూపమైన మెస్మర్ అనే వైద్యుడి 'జంతు అయస్కాంత శక్తి'ని పరీక్షించడానికి ఫ్రాన్స్ రాజు వేసిన సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ ఉన్నారు. తోటలో ఒక్క చెట్టుకే ఆ 'శక్తి' పట్టించి, పన్నెండేళ్ల పిల్లాడికి కళ్లకు గంతలు కట్టి చెట్టు చెట్టుకూ తిప్పారు. నాలుగో చెట్టు దగ్గర పిల్లాడు మూర్ఛపోయాడు. శక్తి పట్టించింది ఆ చెట్టుకు కాదు.

సిగరెట్ విషయంలో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2019 సమీక్ష 14 అధ్యయనాలను, 1,926 మందిని పరిశీలించింది. ఆరు నెలలు దాటాక చూస్తే, మామూలు కౌన్సెలింగ్ కంటే గానీ, ఎవరి సాయమూ లేకుండా మానడం కంటే గానీ హిప్నోథెరపీ మెరుగని చెప్పడానికి తగిన ఆధారం దొరకలేదు. మరోపక్క నికోటిన్ గమ్, ప్యాచ్‌ల వంటివి మానే అవకాశాన్ని యాభై, అరవై శాతం పెంచుతాయని 130కి పైగా పరీక్షలు తేల్చాయి. గమ్‌కు పోస్టర్లు లేవు, అంతే.

సిట్టింగ్ తర్వాత మానేస్తే ఘనత హిప్నాసిస్ ట్రాన్స్‌ది. మానకపోతే "మీ సబ్‌కాన్షస్ సహకరించలేదండీ, ఇంకో రెండు సిట్టింగ్‌లు పెడదాం". మొక్కు తీరకపోతే భక్తిలో లోపం అన్నట్టే. ఓడిపోయే దారి ఏదీ లేకుండా కట్టిన వాదం ఇది. పైగా ఆ మెట్లెక్కి డబ్బు కట్టినవాడు మానాలని అప్పటికే సగం తేల్చుకుని వచ్చాడు.

కార్తీకం వస్తే అమీర్‌పేట పక్కనే పంజాగుట్ట దారిలో నల్లబట్టల అయ్యప్ప స్వాములు కనిపిస్తారు. రోజుకో ప్యాకెట్ ఊదేసే మనిషి మాల పడ్డ రోజు నుంచి ముట్టడు. నలభై ఒక్క రోజులు! హిప్నాటిస్టు లేడు, గమ్ లేదు. ఆఫీసంతా "స్వామీ" అని పిలుస్తుంటుంది, పాన్ డబ్బావాడే "ఇదేంటి స్వామీ" అంటాడు, టీ టైము గుంపు మారిపోతుంది. నికోటిన్ కోసం ఒళ్లు పీకడం మొదటి మూడు రోజుల్లో తీవ్రమై, మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. ఇరుముడి కట్టేనాటికి ఒంటికి సిగరెట్‌తో పెద్దగా పనిలేదు. అయినా మాల తీశాక మళ్లీ వెలిగించేవాళ్లు ఎంతమందో. మాన్పించింది అయ్యప్ప అనుకున్నవాడికి, దీక్ష గడువు తీరాక మానాల్సిన కారణమేముంది? నలభై ఒక్క రోజులు నిలబడింది తానేనన్న సంగతి అతని ఖాతాలో పడదు. హిప్నాటిస్టు కుర్చీ కూడా సరిగ్గా ఆ ఖాతానే ఖాళీ చేస్తుంది.

2 మిల్లీగ్రాముల గమ్ మందుల షాపులో చీటీ లేకుండా దొరుకుతుంది. 2018 నుంచి ప్రతి ప్యాకెట్ మీదా 1800-11-2356 అనే ఉచిత క్విట్‌లైన్ నంబరు ఉంది, లూజుగా ఒక్కోటీ కొనేవాళ్ల కంట అది పడకపోయినా.

అయినా ఆ కుర్చీలో కూర్చోవాలనిపిస్తే కూర్చోండి. డబ్బు కట్టే ముందు మాత్రం అడగండి: ఆరు నెలల తర్వాత మీ క్లయింట్లలో ఎందరు మానేసి ఉన్నారు, శ్వాసలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచి చూశారా, లేక ఫోన్ చేస్తే మొహమాటానికి "మానేశానండీ" అన్నవాళ్లను లెక్కేశారా? జవాబుగా టెస్టిమోనియల్ వీడియో చూపిస్తే, అది ఎన్నో రోజున తీసిందో కూడా అడగండి.