బిట్టు చెప్పే మాట వ్రాసుకోండి

మైలవరం వైపు బోరు వేస్తుంటే మీరు చూసే వుంటారు. చెవులు చిల్లులుపడే మోత, పైకి ఎగజిమ్మే రాతిపొడి. చివరికి అందరూ అడిగేది ఒక్కటే: "నీళ్ళు పడ్డాయా?" పడకపోతే మూతవేసి మరచిపోతాం. ఇది పొరపాటని నా అభిప్రాయం. ఎండిన బోరు కూడా ఎంతో చెబుతుంది.

సిమెంటుకు వాడే జగ్గయ్యపేట సున్నపురాయిలో ముఖ్య ఖనిజం కాల్సైట్. 1812లో జర్మన్ శాస్త్రజ్ఞుడు మోస్ ఏర్పరచిన కాఠిన్యపు కొలతలో దాని స్థానం 3. మైలవరం కొండరాళ్ళలో కలిసివుండే పలుగురాయి స్థానం 7. అందుకే టంగ్‌స్టన్ కార్బైడ్ బొడిపెలున్న బిట్టు అక్కడికంటే ఇక్కడ త్వరగా అరుగుతుంది. ఖనిజాన్వేషణలో వాడే వజ్రపు బిట్టుకు సైతం అరుగుదల తప్పదు.

మరి పని మందగిస్తే కారణం బిట్టా, రాయా? వేగం కొద్దికొద్దిగా తగ్గుతూ వస్తే బిట్టు అరుగుతూ వుండవచ్చు. హఠాత్తుగా తగ్గితే రాయి మారివుండవచ్చు. బిట్టును పైకి తీసి కొలిస్తే అనుమానం తీరుతుంది. బిట్టు ఒక్కసారిగా దిగిపోతే పగులు తగిలిందేమో! గట్టిరాతిలో నీరు ముఖ్యంగా దొరికేది పగుళ్ళలోనే.

ఈసారి మీ ఊరికి బోరుబండి వస్తే దూరంగా నిలబడి చూడండి. ఒక్కొక్క రాడ్డు దిగడానికి పట్టిన నిమిషాలు, పొడి రంగు నోటుబుక్కులో వ్రాయండి. బిట్టు ఎంత అరిగిందో పనివారిని అడగండి. అలాంటి పుస్తకం ప్రతి పంచాయతీలోనూ వుండాలి. అప్పుచేసి బోరు వేయించే రైతుకు కింద ఏముందో కొంతైనా ముందుగా తెలుస్తుంది.