కాంటా దగ్గర ఎవరు?

మా మరిది కూతురు డిగ్రీ చేతికి రాగానే, "పెద్దమ్మా, నేను సినిమా డైరెక్షన్ నేర్చుకుంటా" అంది. పిల్ల హీరోయిన్ అవుతానన్నా ఇంత గుబులు పడేవారు కాదేమో! ఇల్లంతా గప్‌చిప్.

కాసేపటికి మా మరిది గొంతు సవరించుకున్నాడు. "ఆడోళ్ళ కథలు ఎవరు చూస్తరే? అందులో ఆడోళ్ళే తీస్తే ఇంకెవరు చూస్తరు? పైసలు మునుగుతయ్." మావారు తలూపారు. మా భైంసాలో పత్తి వ్యాపారం చేసే ఇళ్ళల్లో పైసల మాట వేదవాక్కు మరి.

నాకు ఒళ్ళు మండింది. చెప్పొద్దూ, పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేవలేదు.

రామానాయుడుగారు నష్టాల్లో ఉండి, ఇది పోతే ఊరెళ్ళి వ్యవసాయం చేసుకోవడమే అనుకుంటూ తీసిన సినిమా 'ప్రేమనగర్'. 1971లో వచ్చి ఆయన్ని ఒడ్డున పడేసింది. ఆ కథ ఎవరిదనుకున్నారు? కోడూరి కౌసల్యాదేవిగారి నవల! అంతకు ముందు 1964లో 'డాక్టర్ చక్రవర్తి' కూడా ఆవిడ నవలే. 'జీవన తరంగాలు', 'సెక్రటరీ' యద్దనపూడివారివి. ఆడవాళ్ళ కథలు ఎవరూ చూడకపోతే ఆ హాళ్ళు నింపిందెవరు? కానీ ఈ నాలుగింటికీ డైరెక్టర్లు మగవాళ్ళే.

మా ఊరి చుట్టుపక్కల పత్తి చేలకు పోయి చూడండి. నడుములు విరిగేలా ఏరేది ఆడవాళ్ళు. తీరా బండి మార్కెట్‌కు వచ్చాక కాంటా దగ్గర ఒక్క చీరకొంగు కనబడితే ఒట్టు. సినిమా సంగతీ అంతే.

"సావిత్రి తీసి మునిగిందిగదా వదినా?" అన్నాడు మరిది, ఆటలో తురుపు ముక్క వేసినట్టు. మునిగింది, నిజమే. 1968లో 'చిన్నారి పాపలు' తీసి చేతులు కాల్చుకుంది. మరి మునిగిన మగ డైరెక్టర్ల పేర్లు చెప్పమంటే తెల్లారుతుంది. వాళ్ళు మునిగితే కథ బాగాలేదంటారు. ఆమె మునిగితే ఆడది గనుక అంటారు! ఆ సావిత్రి కథనే 2018లో నాగ్ అశ్విన్ 'మహానటి'గా తీస్తే జనం విరగబడి చూశారు. బాగానే తీశాడు, కాదనను. అది ఆడదాని కథ కాదా మరి?

భానుమతిగారు 1953లోనే 'చండీరాణి'ని తెలుగు, తమిళం, హిందీ మూడింటిలోనూ తీశారు. విజయనిర్మలగారు 1973లో యద్దనపూడివారి 'మీనా'ను తెరకెక్కించారు. అప్పుడు మాత్రం కథా ఆడవాళ్ళదే, కాంటా ఆడవాళ్ళదే. మరుసటేడు ఆమె తీసిన 'దేవదాసు' పోయింది. పోతే ఇంట్లో కూర్చుందా? 44 సినిమాలు తీసి 2002లో గిన్నిస్ పుస్తకం ఎక్కింది. ఈ కాలంలో నందినీరెడ్డి 'అలా మొదలైంది', 'ఓ బేబీ' తీసింది. అయినా వేళ్ళ మీద లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది చూడండి, అదే నా కడుపుమంట.

మనమూ తక్కువ తిన్లేదమ్మా. టిక్కెట్టు కొని ఏడ్చి వస్తాం, పాటలు గుర్తుంటాయి, హీరో చొక్కా రంగు కూడా గుర్తుంటుంది. కథ ఎవరు రాశారని ఎన్నడైనా అడిగామా?

పాలు పొంగిపోయాయి. ఆ పూట అందరికీ నల్ల చాయే. ఫారం నింపి మరిది ముందు పెట్టాను. సంతకం ఇంకా పెట్టలేదు. పెన్ను మాత్రం అక్కడే ఉంచాను.