బస్తా తూకానికి దశాంశం దేనికి?

రాయపూర్ చుట్టుపక్కల ధాన్యం కొనుగోలు కేంద్రాల్లో బస్తా అంటే 40 కిలోలు, అంటే 0.4 క్వింటాలు. ఈ 0.4 బైనరీలో ఎంతకీ తెగని భిన్నం. తూకం లెక్కలకు సొంతంగా రాసుకున్న సీ లైబ్రరీ దాన్ని ఫ్లోట్‌గా తిరిగిస్తే, అందుకున్న ప్రోగ్రాంకు డబుల్‌లో 0.4000000059604645 కనిపిస్తుంది, 0.4కి సమానమా అంటే కాదంటుంది. ఇదింకా నయం. పైథాన్ సీటైప్స్‌లో రిటర్న్ టైప్ చెప్పడం మరిచారో, అది పూర్ణాంకమే వస్తుందనుకుని వేరే రిజిస్టర్లో వెతికి నోటికొచ్చిన అంకె చెబుతుంది, ఎర్రర్ మాత్రం చూపదు! అయినా దశాంశాల మీద ఇంత మోజెందుకో. రాష్ట్రం క్వింటాలుకు ఇచ్చే 3100 రూపాయల లెక్కన బస్తా 1240, చిల్లరే లేదు. తూకం గ్రాముల్లో, సొమ్ము పైసల్లో పూర్ణాంకాలుగా పంపండి. దశాంశం తప్పదనుకుంటే రెండువైపులా డబుల్ అనే రాయండి.