ఉంగాకు బదులు పలుకు తీరిక

ఏడాది నిండని శిశువునకు తొలి ఆటవస్తువు తల్లి ముఖము. బొమ్మల దుకాణములందును ఫోను తెరలమీదను అమ్మకమునకు వచ్చుచున్న 'మేధావికాస' సామగ్రిని, ఆరు మాసముల బిడ్డకు చూపవలసినవని చెప్పబడు అక్షరముల అట్టముక్కలను, రెండేండ్లు నిండకమునుపే చేర్చుకొందుమని పిలుచు ప్లేస్కూళ్ళ గోడపత్రములను చూచినపుడెల్ల ఈ చిన్నమాట నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. తమ బిడ్డ ఎక్కడ వెనుకబడునో యన్న భయముతో కష్టార్జితమును ఈ సరుకుపై వెచ్చించు తల్లిదండ్రులను పరిహసించుట నా అభిమతము కాదు. ఆ భయము ప్రేమనుండి పుట్టినదే. అయితే ఆ ప్రేమకు అంగడివారు చూపు త్రోవ వేఱు, శిశువునకు కావలసిన త్రోవ వేఱు. శిశువు ఉంగా యనును. ఎవరో ఒకరు చేతిపని ఆపి, ఆ కన్నులలోనికి చూచి, మరల ఉంగా యనవలెను. అందుకు శిశువు కాళ్ళు తాటించుచు నవ్వి మఱియొక స్వరము తీయును. ఈ ఇచ్చిపుచ్చుకొనుటయే ఆ వయస్సున ఆటయు, పాఠమును. దీనికి డబ్బుతో పనిలేదు గాని తీరికతో మిక్కిలి పని కలదు. ఆ తీరిక నేడు ఎవరికి కలదు, లేనివారికి దానిని ఎవరు సమకూర్చవలెను అను ప్రశ్న గడపలోపలనే తీఱునది కాదనియు, ప్రభుత్వము పట్టించుకొనవలసిన ప్రజావిషయమనియు నా వాదము.

మన యిండ్లలో ఈ విద్యకు పుస్తకము లేకపోయినను క్రమము లేకపోలేదు. నెలల గ్రుడ్డునకు జోల. మెడ నిలిచినవానికి కాళ్ళపై పరుండబెట్టుకొని ఊపుట. కూర్చుండ నేర్చినవానికి చప్పట్లు, తారంగము. ఆపైన చీరచెఱగు మొగముమీద కప్పి చటుక్కున తొలగించు దోబూచులాట. నడక వచ్చిన పిదప తాత వీపే ఏనుగు. దోబూచులాటనే పరిశీలింపుడు. కంటికి కనబడని వస్తువు లోకమున లేకుండ పోలేదన్న యెఱుక శిశువునకు పుట్టుకతో రాదనియు, అది మెల్లమెల్లగ కుదురుకొనుననియు, బుద్ధివికాసమున అదియొక పెద్దమెట్టనియు స్విట్జర్లండు పండితుడు పియాజే ప్రతిపాదించెను. చెఱగు చాటున అమ్మ యున్నదా, పోయినదా యన్న క్షణమాత్రపు సంశయము, అది తీఱిన మఱుక్షణపు కేరింత, ఈ రెంటి నడుమ ఆ యెఱుక బలపడుచున్నది.

ఇక అరచేతి ఆట. బిడ్డ అరచేతిలో పప్పుబువ్వ కలిపినట్లు నటించి, వ్రేలి కొక ముద్ద పంచి, తుదకు రెండు వ్రేళ్ళను ముంజేతిమీదుగ నడిపించుకొని పోయి చంకలో చక్కిలిగింత పెట్టు ఆ యాటను ఎఱుగని తెలుగిల్లు అరుదు. పదిసార్లు ఆడిన పిమ్మట చూడుడు: వ్రేళ్ళు మోచేయి దాటకమునుపే బిడ్డ భుజము ముడుచుకొని నవ్వనారంభించును. రాబోవుదానిని ఊహించుట, వరుసను జ్ఞాపకముంచుకొనుట, ఒక చేష్టకు ఒక మాటను ముడిపెట్టుకొనుట, ఇన్నియు ఆ నవ్వులో కలవు. ఒకనాడు వ్రేళ్ళను మోచేతికడనే ఆపి మిన్నకుండుడు; బిడ్డ మీ మొగమువంక చూచును, పిదప తానే చేయి ముందునకు చాచును. ఆ చాచిన చేయి ఒక వాక్యమే. దానికి మాటలు ఇంకను రాలేదు, అంతే. వేటూరి ప్రభాకరశాస్త్రిగారంతటి పండితుడు తాళపత్రములనుండి తల యెత్తి ఉయ్యాలవంక చూచుట, శిశువుల పాటలను, ఆటమాటలను 'బాలభాష' యను పేర కూర్చుట నాకు సామాన్యవిషయముగ తోపదు. బిడ్డ బోర్లపడినందుకు బొబ్బట్లు, అడుగు వేసినందుకు అరిసెలు వండి ఇరుగుపొరుగులకు పంచు ఆచారమునందును ఒక సూక్ష్మము కలదు. ఎదుగుదలలోని ఒక్కొక్క మెట్టును ఇల్లంతయు కనిపెట్టి యుండెను. రావలసిన మెట్టు సకాలమున రాకపోయినచో ముందుగ గుర్తించు కన్నులును ఆ యింటనే యుండెను.

అయినను గతమును పల్లకి యెక్కించి ఊరేగించుటకు నేను సిద్ధముగ లేను. ఆ తీరిక అందఱికిని లేదు. ఉన్నచోట అది తఱచు మఱియొకరి బ్రతుకునుండి కోసి తెచ్చినదే. చిన్ననాటనే వైధవ్యము పాలై పుట్టింట మిగిలిపోయిన మేనత్తయు, తమ్ముని చంకన వేసికొని బడికి దూరమైన అక్కయు ఆ ఉయ్యాలలను ఊచిరి. నాట్లకు, కోతలకు పోవు తల్లి బిడ్డకు చెట్టుకొమ్మకు కట్టిన పాతచీరయే దాది. బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు స్త్రీలు, పని ముగియువఱకు పసివాండ్రు నిద్రించుటకై నల్లమందు మాత్రలు వేయుచుండిరని 1920 ప్రాంతపు విచారణలు వెల్లడించెను. ఆ తల్లులు క్రూరులు కారు. బిడ్డను చూచుకొను మనిషి లేక, పని మానినచో కూలి లేక, ఆ రెంటి నడుమ నలిగి ఆ మాత్రను చేతబట్టిరి. నేడు అన్నము తినిపించుటకో, స్నానము ముగించుకొనుటకో, ఆఫీసు ఫోను మాటాడుకొనుటకో బిడ్డచేతికి తెరను అందించు తల్లిని చూచినపుడు నాకు ఆ మాత్రయే తలపునకు వచ్చును; తల్లిని నిందింప బుద్ధి పుట్టదు, మాత్రను మాత్రము మంచిదనజాలను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన మార్గదర్శకములు ఏడాదిలోపు శిశువునకు తెర కూడదనియు, రెండవ యేట సైతము అది తగదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వయస్సున దినమునకు గంట మించరాదనియు, అంతకు తగ్గినకొలది మేలనియు చెప్పుచున్నవి. తెర మనిషికి ఏల సాటిరాదో తెలియవలెనన్నచో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున పాట్రిషియా కూల్ అను శాస్త్రజ్ఞురాలు తన సహచరులతో జరిపి 2003లో ప్రకటించిన ప్రయోగమును చూడవలెను. తొమ్మిది నెలల అమెరికా శిశువులకు చైనీయుల మాండరిన్ భాషను 12 పర్యాయములు వినిపించిరి. కొందఱికి ఎదుట కూర్చుండి పుస్తకములు చదువుచు బొమ్మలతో ఆడించు మనుష్యులద్వారా, కొందఱికి ఆ మనుష్యులనే చిత్రించిన వీడియోద్వారా. మనిషితో ఆడిన శిశువులు ఆ భాషకు ప్రత్యేకమైన ధ్వనిభేదమును గుర్తింపగలిగిరి. వీడియో చూచినవారికి, అవే గొంతులు అంతసేపు విన్నను, ఏమియు అబ్బలేదు. తెర మాటాడును గాని వినదు. బిడ్డ ఉంగా యన్నపుడు ఆగదు, బిడ్డ చూపు పిల్లివైపు మరలినపుడు అదిగో పిల్లి యనదు.

అంతకు మునుపే, 1970 దశకమున, ఎడ్వర్డ్ ట్రానిక్ అను మనశ్శాస్త్రజ్ఞుడు తల్లిని బిడ్డ యెదుట కూర్చుండబెట్టి, కొంతసేపు ఎప్పటివలె ఆడించిన పిదప, మొగమున ఏ భావమును కనబఱపక కొద్ది నిమిషములు నిశ్చలముగ నుండుమనెను. బిడ్డలు మొదట నవ్వి చూచిరి, చేతులు చాచిరి, కేకలు వేసిరి. ఏదియు ఫలింపకున్న మొగము త్రిప్పుకొని క్రుంగిపోయిరి. తెర బిడ్డచేతిలో నుండుట ఒక కీడైన, మన చేతిలోనుండి మన మొగమును శిలను చేయుట రెండవ కీడు. ఈ రెండవదానిని గూర్చి మనము తక్కువగ మాటాడుదుము, ఏలయన అది మనది.

ఈ ఆటలవలన ఒరుగునదేమి యని అడుగు ఆర్థికవేత్తలకును సమాధానము కలదు. జమైకా ద్వీపమున కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అను వైద్యురాలును, ఆమె సహచరులును 1986లో ఒక పరిశోధన నారంభించి, పోషణలేమిచే ఎదుగుదల గిడసబారిన 129 మంది శిశువులను, తొమ్మిది నెలలు మొదలు రెండేండ్ల వయస్సువారిని, ఎంచుకొనిరి. కొందఱికి వారమునకు కిలో పాలపొడి ఆహారము, కొందఱి యింటికి వారమున కొకసారి గంటసేపు ఆరోగ్య కార్యకర్త రాక, కొందఱికి రెండును, కొందఱికి రెండును లేవు. వచ్చునది మహాపండితురాలు కాదు, సామాన్యముగ చదువుకొన్న స్త్రీ. పారవేసిన సీసాలు, అట్టపెట్టెలు మొదలగువానితో చేసిన బొమ్మలను సంచిలో వేసికొని వచ్చి, తల్లిచేతనే బిడ్డను ఆడించి, ఆ బొమ్మలను అక్కడ విడిచి, మఱువారము వానిని తీసికొని వేఱువానిని ఇచ్చెడిది. రెండేండ్లతో అది ముగిసెను. ఆ శిశువులకు 22 ఏండ్లు వచ్చినపుడు పరిశీలింపగా, ఆట అందినవారి సంపాదన అందనివారికన్న 25 శాతము మిన్నగ నుండెనని 2014లో 'సైన్స్' పత్రికయందు ప్రకటితమయ్యెను. ఆహార మొక్కటియే అందినవారిలో అట్టి భేదము నిలువలేదు. లెక్క చిన్నదే, ఇందునుబట్టి ప్రతిదేశమునకును 25 శాతము హామీ యిచ్చుట సాహసమగును. కాని మన పొరుగున ఒడిశాలోని కటక్ బస్తీలలో ఇదే పద్ధతిని స్థానిక స్త్రీలచే నడిపించి చూచినపుడును బిడ్డల బుద్ధివికాసము మెఱుగుపడెను. గ్రుడ్డు, పాలు అక్కఱలేదని దీని భావము కాదు. గ్రుడ్డు తిన్న బిడ్డతో ఆడుటకు ఒక మనిషియు ఉండవలెననియే.

అట్లయిన బొమ్మలు వలదా యందురేమో. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడు కొయ్యను తరిమెన పట్టి, అది తిరుగుచుండగనే లక్క అద్ది చేయు గిలకలను, బొంగరములను, లక్కపిడతలను చూచినవారెవరును అట్లు అనజాలరు. 2017లో భౌగోళిక గుర్తింపు పొంది, 2025 గణతంత్ర దినోత్సవమున ఢిల్లీలో మన రాష్ట్రపు శకటముపై నిలిచిన బొమ్మలవి. అక్కడి పనివాండ్రను రసాయనపు రంగులనుండి చెట్టుచేమల రంగులకు మరల్చుటకు పాటుపడిన చింతలపాటి వెంకటపతిరాజుగారికి 2023లో పద్మశ్రీ లభించెను. పసివాడు లోకమును మొదట నోటితో చదువును గనుక, చేతికిచ్చు బొమ్మకు పూసిన రంగు ఏదియో తెలిసికొనుట చాదస్తము కాదు. చింత్యమేమన, ఈ గిలకలు అద్దాల బీరువాలలో అతిథులకు కనబడుటకై కూర్చుండగా, మీట నొక్కినంతనే తానే గంతులు వేసి తానే పాడు ప్లాస్టిక్ ఎలుగుబంటి ఉయ్యాల చేరినది. ఆ యెలుగుబంటి ముందు బిడ్డ ప్రేక్షకుడు. గిలక యన్ననో తాను కదిలించిననే మ్రోగును. గిలక లేనిచోట స్టీలు గిన్నెయు, గరిటెయు చాలును, ఆ చప్పుడును ఇంటివారు ఓర్చుకొనవలెను. చక్రముల కుర్చీవంటి వాకరును మాత్రము నేను ఎవరికిని కానుకగ నీయను. కెనడా దేశము 2004లోనే దాని అమ్మకమును నిషేధించెను. నిలువబడి త్రోసికొనుచు పోవు మన పాత నడకబండి దానికన్న ఎంతో మేలు.

ఇక అసలు సంగతి. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము 1975 అక్టోబరు 2న ఆరంభమయ్యెను. ఆ పథకపు కేంద్రమైన అంగన్వాడీకి మూడేండ్లు దాటిన పిల్లలు వత్తురు, పాటలు పాడుదురు. మూడేండ్లలోపు బిడ్డ మాత్రము ఆ కేంద్రమునకు తూకపు అంకెగను, బాలామృతము పొట్లముగను పరిచితుడు. ఈ లోపమును గుర్తించియే కేంద్ర ప్రభుత్వము 2024లో 'నవచేతన' యను పేర, పుట్టినది మొదలు 36 నెలల వఱకు ఏ నెలలో బిడ్డతో ఏ యాట ఆడింపవలెనో తెలుపు ప్రణాళికను వెలువరించెను. ప్రణాళిక మంచిదే. కాని దానిని ఇంటింటికి కొనిపోవలసిన కార్యకర్త చేతిలో ఇప్పటికే రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ యాప్, సర్వేలు, ఓటర్ల జాబితా పని కలవు. తన బిడ్డను ఆడించుటకు తీరిక లేని తల్లికి సాయముగ, మనము తీరిక లేని మఱియొక స్త్రీని పంపుచున్నాము.

చట్టములును కలవు. 2017 సవరణ ప్రసూతి సెలవును 26 వారములకు పెంచి, 50 మంది, అంతకు మించి పనిచేయు సంస్థలలో శిశుగృహముండవలెనని ఆదేశించినది. పొలములో, ఇటుకబట్టీలో, పరుల యిండ్లలో పనిచేయు తల్లి ఆ లెక్కలోనికి రాదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టమున, ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురికి తగ్గక పనిచోటికి వచ్చినచో ఒక స్త్రీని కూలి యిచ్చి వారిని చూచుకొనుటకే నియమింపవలెనని వ్రాసిరి. అది ఎన్నిచోట్ల కాగితమునుండి చెట్టునీడకు దిగివచ్చెనో ఆ పనికి పోయిన తల్లులనే అడుగవలెను. తండ్రి సంగతి మఱియు విచిత్రము. కేంద్ర ప్రభుత్వోద్యోగికి 15 దినముల సెలవు కలదు. ప్రైవేటు కొలువువానికి చట్టరీత్యా ఒక్క దినమును లేదు.

నేను కోరునది పెద్ద భవనము కాదు. ప్రతి అంగన్వాడీయందును మూడేండ్లలోపు బిడ్డల కొఱకే, యాప్ పని సోకని ఒక కార్యకర్త యుండవలెను. వారమున కొకసారి ఆమె ప్రతియింటను గంటసేపు కూర్చుండవలెను. పనివేళలకు సరిపోవునట్లు ఊరి శిశుగృహము తెఱచి యుండవలెను. తనిఖీకి వచ్చు సూపర్వైజరు రిజిస్టరు చూచుటకు మునుపు అరగంట ఆ చాపమీద కూర్చుండి ఆట చూడవలెను. ఖర్చు ఎక్కడిదని ఆర్థికశాఖవారు అడుగుదురు. కింగ్‌స్టన్ సంచిలోని బొమ్మలు పారవేసిన సీసాలతో చేసినవి. ఖర్చులో అధికభాగము ఆ సంచి మోయు మనిషి జీతమే. మన అంగన్వాడీ కార్యకర్తకు అర్ధశతాబ్దము గడచినను ముట్టుచున్నది గౌరవవేతనమే గాని జీతము కాదు. బడ్జెటులో మొదట దిద్దవలసిన పద్దు అదియే.