తాలు మాట, గట్టి మాట



కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగినవారికి తాలు అంటే ఏమిటో మేము చెప్పనక్కరలేదు. కంకికి గింజ ఉన్నట్టే ఉంటుంది, పైకి నిండుగానే కనబడుతుంది. గోటితో నొక్కితే లోపల ఏమీ ఉండదు. పూత మీద ఉండగా ముసురు పట్టినా, ఈదురుగాలి కొట్టినా, దోమపోటు తగిలినా గింజ పాలు పోసుకోక తాలుగా మిగిలిపోతుంది. కళ్లంలో తూర్పారబడితే గట్టి గింజ కాళ్ల దగ్గరే పడుతుంది, తాలు గాలికి కొట్టుకుపోతుంది. విత్తనం చూసుకునే రైతు ఉప్పునీటిలో పోసి చూస్తాడు. తేలినది తాలు, మునిగినది విత్తనము.

లోపల సరుకు లేనివాటికి మన తెలుగులో చాలా పేర్లు ఉన్నాయి. వాటిలో అనేకం పొలము నుండి, కళ్లము నుండి వచ్చినవే. తాలు, పొల్లు, పొట్టు, ఊక అన్నీ అటువంటివే. గంటసేపు మాట్లాడినా వినేవారికి ఒక్క గింజ దొరకకపోతే అది ఊకదంపుడు ఉపన్యాసము. ఉన్నది ఉన్నట్టు అప్పగిస్తే అక్షరం పొల్లుపోకుండా చెప్పాడంటాము. అచ్చు లేని హల్లును కూడా పొల్లు అనే అంటారు. మన పాత వ్యాకరణకారులు అచ్చులను ప్రాణములని, హల్లులను ప్రాణులని పిలిచారు. అంటే ప్రాణము లేని అక్షరము పొల్లు అన్నమాట. గింజకైనా, అక్షరానికైనా, మాటకైనా లోపల ఏదో ఒకటి ఉండాలని మన పెద్దలు చూచారు.

ఇవి కాక గాలి మాటలు, గాలిమేడలు, నీటి మీద రాతలు, ఎండమావులు కూడా ఉన్నాయి. ఇవి చేతికి చిక్కనివాటికి పెట్టిన పేర్లు. అయితే చేతికి చిక్కనిదంతా లేనిదే అనుకోరాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చినది గాలీ నీరే. ఆ ఉప్పెనలో వేలాదిమంది చనిపోయారు. ఆ సంగతి తెలిసిన ఇళ్లలో గాలి అనే మాటను ఎవరూ తేలికగా తీసుకోరు.

ఇక మూడవ రకము మాటలున్నాయి. అప్రస్తుతం, అసంగతం, దానితో మనకేం పని అనేవి. పెద్దమనుషుల తగవులలోను, ఆఫీసులలోను ఇవి తరచుగా వినబడతాయి. తాలు అనేది గింజను నొక్కి చూచి చెప్పే మాట. అప్రస్తుతం అనేది చాలాసార్లు నొక్కి చూడకుండానే చెప్పే మాట. ఈ తేడా మన కుటుంబాలు గమనించాలని మా మనవి.

ప్రసంగి గ్రంథములో మాటిమాటికి వచ్చే "వ్యర్థము" అనే మాట మనకందరికీ తెలుసు. దాని వెనుక ఉన్న హెబ్రీ మాట హెబెల్. దానికి మూలార్థము ఊపిరి, ఆవిరి. చలికాలపు ఉదయము నోటి నుండి వచ్చి క్షణములో మాయమయ్యే పొగవంటిది. అయితే హెబ్రీలో కయీను తమ్ముని పేరు కూడా ఈ మాటే. హేబెలు కొద్దికాలమే బ్రతికాడు. ఆదికాండములో అతడు ఒక్క మాటైనా పలికినట్టు లేదు. అన్న దృష్టిలో అతడు లెక్కలోనివాడు కాడు. కాని దేవుడు లెక్క అడిగినది అతనిని గూర్చియే. ఆవిరి అనే పేరు గలవాని రక్తమునకు అక్కడ స్వరము ఉన్నది.

ఈ సంగతి మన పొలాలకు ఎలా వర్తిస్తుందో చూడండి. మన డెల్టాలో ఎన్నో ఎకరాలు కౌలు మీద సాగవుతున్నాయి. అందులో చాలావరకు నోటిమాట కౌలే. కాగితము లేదు, సాక్షి లేడు. దున్నేది, నాటేది, పురుగుమందు కొట్టేది, అప్పు తెచ్చేది ఒకరు. రికార్డులో పేరు మరొకరిది. తుపానుకు చేను పడిపోయి ఆ రైతు ఆఫీసుకు వెళితే, నీ పేరు ఇక్కడ లేదు అంటారు. అతని చెమట అంతా ఆ ఒక్క మాటతో అప్రస్తుతమైపోతుంది.

ఈ కష్టము తీర్చాలని 2011లో ఒక చట్టము వచ్చి, కౌలుదారులకు రుణ అర్హత కార్డులు ఇచ్చారు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టము వచ్చింది. 11 నెలలకు ఒప్పందము రాసుకుంటే కార్డు ఇస్తామన్నారు. ఆ కార్డు పంట రుణానికీ, నష్టపరిహారానికీ తప్ప భూమి మీద హక్కుకు పనికిరాదని కూడా అందులో స్పష్టముగా చెప్పారు. అయితే దానికి భూయజమాని సంతకము కావలసి వచ్చింది. సంతకము పెడితే పొలము చేజారిపోతుందేమోనని చాలామంది వెనుకాడారు. యజమానుల భయము కూడా గాలిలోనుండి పుట్టినది కాదు, పాత తగవులు చూచినవారు వారు. అయినా కౌలు తీసుకునేటప్పుడు ఆ రైతు మాటను నమ్మినవారు, అతనికి నష్టము వచ్చినప్పుడు ఆ మాటకు సాక్ష్యమివ్వకపోతే అది న్యాయమేనా?

మన సంఘాలలో ఇద్దరూ ఉన్నారు. ఆదివారము ఒకే బల్ల మీద కూర్చునేవారిలో ఒకరు పొలము ఇచ్చినవారు, ఒకరు తీసుకున్నవారు. నారు పోయకముందే ఇద్దరూ కూర్చొని కౌలు ఎంత, గడువు ఎంత, పంట పోతే పరిహారము ఎవరిది అనేవి ఒక కాగితము మీద రాసుకొని సంతకాలు చేయండి. చదువు రానివారికి చదివి వినిపించే పని మన యౌవనస్థులు తీసుకోవచ్చును. నమ్మకము లేక కాదు, నమ్మకము మాసిపోకుండా ఉండుటకే.

ఇంటిలో కూడా ఇదే లెక్క. చూద్దాంలే, తరువాత చేద్దాంలే అని పిల్లలకు, వృద్ధులైన తల్లిదండ్రులకు మనము ఇచ్చే మాటలు ఎన్నో ఉంటాయి. చెప్పేవారికి అవి తేలికే. వినేవారు మాత్రము వాటిని విత్తనము అనుకొని దాచుకుంటారు. అందుచేత మాట ఇచ్చేముందే ఒకసారి నొక్కి చూచుకుందాము.