సంపాదకుని మాట: చౌకలో వినసొంపైన స్పీకర్లు

డెస్క్‌టాప్ స్పీకర్ల డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే పీఎంపీఓ వాట్లు క్షణకాలపు గరిష్ఠాన్ని చూపే, ఏ ప్రమాణానికీ కట్టుబడని అంకె. నిలకడగా అందే శక్తిని తెలిపేది ఆర్‌ఎంఎస్. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టుల దగ్గర 500 మిల్లీఆంపియర్లు, అంటే రెండున్నర వాట్లే. దాని మీదే నడిచే జతకు వందల వాట్లు రాసి ఉంటే, ఆ రాత డబ్బా అందానికే.

చిన్న గదికి అంత మోత అక్కర కూడా లేదు. వేదపండితుల ఊరుగా పేరుపడ్డ మంథనిలో కంప్యూటర్ ముందు కూర్చుని వేదపాఠం వినేవారికి ఉదాత్త, అనుదాత్త, స్వరితాలు విడివిడిగా తెలియాలి. ఆన్‌లైన్ పాఠాలు వినే పిల్లలకూ మాట స్పష్టతే ముఖ్యం. దీనికి రెండు పెట్టెల 2.0 జత చాలు. చౌక 2.1 సెట్లలో సబ్‌వూఫర్ దడదడ తరచుగా మాటను మింగేస్తుంది. సినిమా పాటలు, ఆటలు ఎక్కువైతే మాత్రం సబ్‌వూఫర్ ఉండాల్సిందే. ఎందుకంటే రెండు మూడంగుళాల కోన్ 100 హెర్ట్జ్‌ల కింది శబ్దాన్ని బలంగా పలికించలేదు.

దుకాణంలో బాగా ఎరిగిన గొంతునే పెట్టించి వినడం మేలు. పాట ఆపినప్పుడు గుయ్‌మన్నా, వాల్యూమ్ పెంచితే గరగరమన్నా ఆ జత వద్దు. ఇంట్లో వాటిని గోడ మూలకు నెడితే బేస్ ముద్దవుతుంది. కాస్త ముందుకు జరిపి, చెవుల వైపు తిప్పి పెట్టాలి.