కొసరే అసలు

మా మేనల్లుడు ఇంజనీరింగ్ రెండో ఏడు. పోయిన నెల ఒక పెట్టె తెచ్చి నా ముందు పెట్టి, "రేసు కారు మామయ్యా!" అన్నాడు. తెరిస్తే మరల పొట్లాలు, ప్లాస్టిక్ ముక్కలు, ఒక మోటారు, రంగులేని పల్చటి బాడీ. జపాన్ తమియా కంపెనీ వాళ్ల టీటీ-02 కిట్టు. అసలు కారులో పదో వంతు. బిగించుకోవడం మన పనే.

"మరి నడిచేదెట్లా?" అన్నాను. జేబులోంచి కాగితం తీశాడు.

చేతిలో పట్టుకునే రేడియో, కారులో పెట్టే రిసీవరు, చక్రాలను పక్కలకు తిప్పే సర్వో, బ్యాటరీ, ఛార్జరు. బాడీకి లోపలివైపు నుంచి వేసే ప్రత్యేకమైన రంగు. మామూలు స్ప్రే కొడితే మొదటి గుద్దుకే పెచ్చులూడుతుందట. కిట్టులో ఇచ్చే ప్లాస్టిక్ బుష్‌లు తీసేసి పెట్టడానికి బాల్ బేరింగులు. పందెం ఐదు నిమిషాలే అయినా రోజంతా మళ్లీ మళ్లీ దిగాలి కనుక ఇంకో బ్యాటరీ. కూడి చూస్తే కిట్టు ధర దాటిపోయింది. "ఏనుగును కొన్నాక అంకుశానికి వెనకాడతామా?" అంది మా అక్క వంటింట్లోంచి. డబ్బిచ్చేది బావ.

ఈ సరదా ఎంత ఖరీదో ముందుగా తెలిసింది తమియా వాళ్లకే. 1976లో వాళ్ల తొలి రేడియో కారు పోర్షే 934. ఆ మోడల్ కొలతలు తేలక, కంపెనీని నడిపించిన షున్‌సకు తమియా ఏకంగా నిజం పోర్షే 911 కొని ఊడదీయించారు. బొమ్మ కోసం కారు కొన్న మనిషి!

మన దగ్గర ఈ సరదాకు సుంకం పోటు కూడా తగిలింది. ఆటబొమ్మల దిగుమతి సుంకాన్ని 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. దానివల్ల కొండపల్లికీ ఏటికొప్పాకకూ మేలు జరిగితే సంతోషమే. కాకపోతే ఈ కారు కొనేవాడు కొయ్యబొమ్మ చూసి మనసు మార్చుకోడు.

నన్నడిగితే డబ్బు పెట్టాల్సింది రేడియో మీద, ఛార్జరు మీద. కారు మారినా అవి మిగులుతాయి. పైగా లిథియం పాలిమర్ బ్యాటరీకి నాసిరకం ఛార్జరు తగిలించి పడుకుంటే ఇల్లు అంటుకోవచ్చు. మోటారు జోలికి మాత్రం ఏడాది దాకా పోవద్దు. వేగం పెరిగినకొద్దీ విరిగే ముక్కలూ పెరుగుతాయి. విదేశీ క్లబ్బుల్లో అందరికీ ఒకే రకం మోటారు, ఒకే రకం టైర్లు అని కొన్ని తరగతులు పెట్టింది పందెం జేబుల మధ్య జరగకూడదనే.

మొన్న ఆదివారం సెల్లారులో మావాడు కారును స్తంభానికి కొట్టాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ ఆర్మ్ విరిగింది. అది కాగితంలో లేదు, ఊళ్లో ఏ దుకాణంలోనూ లేదు. మీ పిల్లలు అడిగితే ముందు విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోండి, కారు తర్వాత కొనొచ్చు.